ఎడారిలో మూడు రాత్రులు



2022 సెప్టెంబరులో మన దేశానికి ఎనిమిది చీతాలు విమానమెక్కి వచ్చిన సంగతి మీకు గుర్తుండే వుంటుంది. మన గడ్డమీద చీతా అంతరించిపోయిందని 1952లో ప్రభుత్వం ప్రకటించింది. మళ్ళీ డెబ్భయ్యేళ్ళకి వాటిని తెచ్చి మధ్యప్రదేశ్‌లోని కూనో అడవిలో వదిలారు. అవి వచ్చింది నమీబియా నుంచి. ఆ రోజు మా చెల్లెలు ఫోను చేసి, "అక్కయ్యా, మా వూరివాళ్ళు మీ దేశానికొస్తున్నారు, బాగా చూసుకోండి" అని ఒకటే నవ్వు. మా మరిదిగారి వుద్యోగం అక్కడే, విండ్‌హుక్ అనే వూళ్ళో.

ఆ మరుసటేడు మే నెల సెలవల్లో నేనూ, మావారూ వాళ్ళింటికి వెళ్ళాం. అక్కడ చూసిన ఒక చోటు గురించీ, దానివల్ల నాకు తెలిసొచ్చిన నా తప్పు ఒకదాని గురించీ యివాళ మీతో చెప్పాలని.

నమీబియా ఆఫ్రికా ఖండానికి నైరుతి మూల వుంది. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే ఎంతో, దానికి మూడింతలుంటుంది. జనం మాత్రం ముప్ఫయి లక్షలే. పడమట సముద్రం, దాన్ని ఆనుకుని నమీబ్ ఎడారి. ఆ ఎడారి అంచున నమీబ్‌రాండ్ అని ఒక ప్రైవేటు అభయారణ్యం వుంది. 'రాండ్' అంటే అంచు అని అర్థమట. విండ్‌హుక్ నుంచి కారులో అయిదారు గంటల ప్రయాణం. సగానికి పైగా కంకర రోడ్డే. నడుములు విరిగాయనుకోండి!

అభయారణ్యం అనగానే దట్టమైన చెట్లూ, సెలయేళ్ళూ మీ కళ్ళముందు మెదిలాయి కదూ? నేనూ అలాగే అనుకుని వెళ్ళాను. తీరా చూస్తే కుంకుమరంగు యిసుక తిన్నెలు, వాటి మధ్య పచ్చగడ్డి కాదు, ఎండిపోయి బంగారు రంగు తిరిగిన గడ్డి మైదానం, దూరాన నల్లటి కొండలు. "యింత దూరం వచ్చింది యీ బీడు చూడటానికా?" అన్నారు మావారు. మా చెల్లెలి కూతురికి తొమ్మిదేళ్ళు. అది వెంటనే, "యిది బీడు కాదు పెదనాన్నా, యిది వాళ్ళ యిల్లు" అంది.

యీ చోటుకి ఒక కథ వుంది. యిదంతా ఒకప్పుడు గొర్రెల ఫారాలు. కారకూల్ అనే జాతి గొర్రెలు. పుట్టీ పుట్టగానే వాటి పిల్లల్ని చంపి, ఆ మెత్తటి చర్మాలతో పై దేశాల ఆడవాళ్ళకి కోట్లు కుట్టేవారు. వినడానికే ఒళ్ళు జలదరిస్తుంది. 1980ల నాటికి ఆ చర్మాల గిరాకీ పడిపోయింది. దానికి తోడు కరువు. ఏడాదంతా కలిపినా మనకి ఒక్క గట్టివాన రోజున పడేంత వర్షం కూడా సరిగ్గా పడని నేల అది. ఆ పడేది కూడా ఒకచోట పడితే పక్కచోట పడదు. అందుకని అడవి జంతువులు ఎక్కడ చినుకు పడిందో ఆ వైపుకి నడుచుకుంటూ పోతాయి. పూర్వం నుంచీ అదే వాటి బతుకుతెరువు. ఫారాలవాళ్ళు ఎవరికి వాళ్ళు ముళ్ళకంచెలు వేసుకున్నారు. అవతల గడ్డి మొలిచినా వెళ్ళలేక ఆ కంచెల దగ్గరే జంతువులు ప్రాణాలు విడిచేవి.

ఆల్బీ బ్రూక్నర్ అనే వ్యాపారి 1984లో అక్కడొక ఫారం కొన్నాడు. తరవాత మరొకటి, యింకొకటి. 1992లో నమీబ్‌రాండ్ ఏర్పడింది. క్రమంగా చుట్టుపక్కల భూముల వాళ్ళు కూడా వచ్చి కలిశారు. ఎవరి పొలం వాళ్ళదే, కాని మధ్యలో కంచె వుండదు, గొర్రెలుండవు, వేట వుండదు. యిలా డజనుకి పైగా ఫారాలు కలిసి రెండు లక్షల హెక్టార్లు దాటింది. అంటే మన లెక్కలో అయిదు లక్షల ఎకరాలు! చేసిన మొదటి పని ఏమిటనుకున్నారు? వందల కిలోమీటర్ల పాత కంచెలు పీకెయ్యటం. తరవాత అక్కడ లేకుండాపోయిన జిరాఫీల్నీ, చీతాల్నీ తెచ్చి వదిలారు. గెమ్స్‌బాక్, స్ప్రింగ్‌బాక్ అనే జింక జాతులు, కొండ జీబ్రాలు, నిప్పుకోళ్ళు యిప్పుడక్కడ స్వేచ్ఛగా తిరుగుతున్నాయి.

గెమ్స్‌బాక్ గురించి ఒక్కమాట చెప్పాలి. మొహాన నలుపూ తెలుపూ చారలు, మీటరు పొడుగు కొమ్ములు, నిటారుగా రెండు శూలాల్లా వుంటాయి. మిట్టమధ్యాహ్నం ఎండలో తాపీగా నిలబడి వుంటుంది. దాని ఒళ్ళు జ్వరం వచ్చినట్టు కాలిపోతున్నా మెదడు చల్లగా వుంటుందిట. ఎలాగంటే, మెదడుకి పోయే రక్తాన్ని, ముక్కులో వూపిరి తగిలి చల్లబడిన రక్తం ముందు చల్లారుస్తుంది. మన కూజాకి తడిగుడ్డ చుట్టినట్టన్నమాట. దేవుడు ఎవరికివ్వాల్సిన తెలివి వాళ్ళకిచ్చాడు.

మేము దిగింది పాత గొర్రెల ఫారం తాలూకు యిల్లు. వంట మనమే చేసుకోవాలి. కందిపప్పూ, చింతపండూ, నెయ్యీ నేను విజయవాడ నుంచే పట్టుకెళ్ళాను. కరెంటు ఎండ పలకల నుంచి వచ్చేదే. నీళ్ళు భూమి అడుగునించి తోడినవి. ముందే చెప్పారు, దారి విడిచి కారు పక్కకి దింపకూడదని. ఆ కంకర నేలమీద ఒక్కసారి చక్రం దిగితే ఆ గుర్తు ఏళ్ళ తరబడి చెరగదు. ఆ సన్నటి పైపొరలోనే గడ్డి విత్తనాలూ, పురుగులూ అన్నీ దాక్కుని వుంటాయి మరి.

మొదటి రాత్రి నాకు నిజంగా భయం వేసింది. వరండాలో దీపం వెయ్యబోతే మా మరిదిగారు ఆపారు. ఆ అభయారణ్యంలో ఆరుబయట దీపాలు వీలయినంత తక్కువ. వున్నవి కూడా కిందికి మాత్రమే వెలుగు పడేట్టు మూతలు బిగించి వుంటాయి. రాత్రి తిరిగే జంతువులకీ, పురుగులకీ మన వెలుతురు దారి తప్పిస్తుంది. చీకటిని అంత భద్రంగా కాపాడుతున్నందుకు 2012లో దాన్ని అంతర్జాతీయ చీకటి ఆకాశ రక్షిత ప్రాంతంగా గుర్తించారు. ఆఫ్రికాలో అదే మొదటిది. సరేనని దీపం ఆర్పి తలెత్తి చూద్దును కదా, ఆకాశం నిండా బియ్యం ఒలికినట్టు చుక్కలు! పాలపుంత యీ కొసనుంచి ఆ కొసదాకా కనబడింది. చిన్నప్పుడు మా అమ్మమ్మగారి పెరట్లో నులకమంచం మీద పడుకుని చూసిన చుక్కలవి. వాటిని పోగొట్టుకున్నామని నాకు అంతవరకూ తెలియనే లేదు.

యిక రెండోరాత్రి సంగతి. భోజనాలయ్యాక నాలుగు చపాతీలు మిగిలాయి. వరండాలోకి వచ్చేసరికి కాస్త దూరాన రెండు కళ్ళు మెరిశాయి. నక్క జాతిదే, అక్కడ జాకల్ అంటారు. సన్నగా, చెవులు నిక్కించి నన్నే చూస్తోంది. మనకి ఆడవాళ్ళకి ఒక గుణం వుంది కదా, గుమ్మంలోకి ఎవరొచ్చినా ఆకలితో వచ్చారనిపిస్తుంది. నేను చపాతీ తుంచి విసరబోయాను. మా చెల్లెలి కూతురు పరుగెత్తుకొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు పెద్దమ్మా! నువ్వు యివాళ పెడితే అది రేపూ వస్తుంది. తరవాత వచ్చినవాళ్ళ సామాన్లు లాగుతుంది. అప్పుడు దాన్ని చంపేస్తారు" అంది.

నా చెయ్యి అలాగే వుండిపోయింది. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ళ క్రితం మేము శ్రీశైలం వెళుతున్నాం. నల్లమల ఘాట్ రోడ్డులో ఒక మలుపు దగ్గర కారాపి, రోడ్డుపక్కనున్న కోతులకి అరటిపళ్ళూ, పులిహోర పొట్లాలూ పెట్టాను. పుణ్యం వస్తుందనే పెట్టాను. ఒక తల్లి కోతి పిల్లని పొట్టకి కరిపించుకుని వచ్చి నా చేతిలోంచి పండు తీసుకుంటే నా కళ్ళు చెమర్చాయి. మర్నాడు తిరుగు ప్రయాణంలో అదే మలుపు దగ్గర ఒక కోతిపిల్ల రోడ్డుమీద చచ్చిపడి వుంది. పక్కనే తల్లి కూచుని, దాని చెయ్యి పట్టుకుని లాగుతోంది. అవతలినుంచి మరో కారు నెమ్మదించగానే మిగతా కోతులన్నీ రోడ్డుమీదికి పరుగెత్తాయి. వాటికి రోడ్డంటే అన్నం పెట్టే చోటు. ఆ అలవాటు చేసింది మనం. అది నిన్నటి పిల్లేనా, కాదా నాకు తెలియదు. ఎవరితోనూ అనలేదు కాని ఆ దృశ్యం నన్ను వదల్లేదు. ఆ రాత్రి తొమ్మిదేళ్ళ పిల్ల మాటతో దానికి అర్థం తెలిసింది.

పెట్టడమే ప్రేమ అనుకుంటూ పెరిగినవాళ్ళం మనం. యింట్లోవాళ్ళ విషయంలో అది నిజమే. అడవిలో మాత్రం మనం యిల్లాలిమి కాము, వాళ్ళింటికి వెళ్ళిన చుట్టాలం. చుట్టం చుట్టంలా వుండాలి. వంటింట్లోకి జొరబడకూడదు.

నమీబ్‌రాండ్ నడిచేది సరిగ్గా యీ నియమం మీదే. అక్కడ సగటున వెయ్యి హెక్టార్లకి ఒక్క పడక చొప్పునే అతిథులకి చోటిస్తారు. అంటే సుమారు రెండువేల అయిదువందల ఎకరాలకి ఒక మనిషి! బస చేసిన ప్రతి మనిషికీ, ప్రతి రాత్రికీ యింతని రుసుము అభయారణ్యానికి చేరుతుంది. కాపలావాళ్ళ జీతాలకీ, జంతువుల బాగోగులకీ ఆ డబ్బే ప్రధాన ఆధారం. లాభాలు పంచుకోవటం వుండదు. వందమంది వచ్చి తొక్కి పోయేకన్నా, పదిమంది వచ్చి మెల్లగా చూసి, కాస్త ఎక్కువ యిచ్చి పోవటం మేలని వాళ్ళ లెక్క.

"అయితే అది డబ్బున్నవాళ్ళ వేడుకేగా?" అని మీరడగవచ్చు. నేనూ అడిగాను. అక్కడి పెద్ద బసల్లో ఒక రాత్రి అద్దె వింటే మా మరిదిగారికే కళ్ళు తిరిగాయి. అందుకే మేము పాత యింట్లో దిగి పప్పుచారు కాచుకున్నాం. యీ లోటు లోటే. కాని దానికొక జవాబు కూడా వాళ్ళే వెతికారు. 2003లో ఆ అభయారణ్యంలోనే నాడీట్ అనే విద్యాసంస్థ మొదలయింది. ఆ దేశపు బడిపిల్లల్ని తీసుకొచ్చి ఎడారిలో వుంచి, ఎండపొయ్యి మీద వంట చెయ్యటం, బకెట్టు నీళ్ళతో స్నానం, యిసుకలో జాడలు చదవటం నేర్పారు. బకెట్టు స్నానం మనకి కొత్తేమీ కాదనుకోండి. షవర్లు వచ్చాక మనమే మరిచిపోతున్నాం.

ఆ మైదానంలో యింకో విచిత్రం. గడ్డి మధ్య గుండ్రంగా, ఎవరో ముగ్గు వెయ్యటానికి అలికినట్టు బోడినేల. అలాటివి లెక్కలేనన్ని. వీటిని దేవకన్యల వలయాలంటారు. చెదల పని అని కొందరు శాస్త్రజ్ఞులు, నీటికోసం గడ్డి మొక్కలు తమలో తాము పోటీపడటంవల్ల అని కొందరు. యింకా తేలలేదు. ఏ ఫారంవాడో దున్నేసి వుంటే ఆ ప్రశ్న అడిగే అవకాశమే వుండేది కాదు.

బీడు అని మనం తీసిపారేసే నేల మనకీ వుంది. కర్నూలు వైపు రోళ్ళపాడు గడ్డిమైదానాన్ని బట్టమేక పిట్ట కోసం 1988లో అభయారణ్యం చేశారు. మీటరు ఎత్తున దర్జాగా నడిచే పక్షి అది. చెట్లులేని గడ్డినేలే దానికి యిల్లు. చుట్టూ ఆ నేల తరిగిపోయి, యిప్పుడు ఆ పిట్ట అక్కడ కనబడటమే గగనమయిపోయింది. ఒకరి యిల్లు మనకి బీడులా కనబడితే జరిగేది యిదే.

రెండు లక్షల హెక్టార్లు కొని కంచెలు పీకటం మనవల్ల అయ్యే పని కాదు. కాని శ్రీశైలమో, తిరుమల నడకదారో, నేలపట్టు పక్షుల చెరువో వెళ్ళేటప్పుడు సామాను సర్దేది మనమేగా! పొట్లాలు కట్టేటప్పుడు ఒక ఖాళీ సంచీ కూడా పెట్టండి. తిన్న కాగితాలు, కవర్లు, తొక్కలు అన్నీ అందులో వేసుకుని యింటికి తెచ్చెయ్యండి. పిల్లలు కోతికి బిస్కట్టు యిస్తామంటే, ఎందుకు కూడదో అక్కడే విడమరిచి చెప్పండి. పక్షుల గూళ్ళ దగ్గర పాటలు పెట్టనివ్వకండి. కారు దారి విడవకూడదని మగవాళ్ళకి గుర్తుచెయ్యండి. కాస్త విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి.

ఆ రాత్రి చపాతీల సంగతి అడగరేం? మర్నాడు పొద్దున పోపు పెట్టి మేమే తిన్నాం. జాకల్ కాసేపు చూసి, తన దారిన తను చీకట్లోకి వెళ్ళిపోయింది. ఖాళీ కడుపుతో పంపానన్న బాధ నాకు కొంచెంసేపు వుంది. తెల్లవారి చూస్తే వరండా ముందునుంచి యిసుక తిన్నె దాకా దాని అడుగుల జాడ తిన్నగా సాగిపోయి వుంది. వేటకి పోయిన జాడ అది. "చూశావా పెద్దమ్మా, దానికి పనుంది" అంది మా చెల్లెలి కూతురు.

మళ్ళీ నల్లమల దారిన వెళ్ళినప్పుడు ఆ మలుపు దగ్గర మేము కారాపలేదు. కోతులు చూశాయి. నేనూ చూశాను. అంతే.