గీతలు చెరిపిన అమ్మాయిలు

అండమాన్ దీవుల్లోని తుష్నాబాద్, ఫెరార్‌గంజ్ వైపు ఊళ్ళలో చదువుకుంటున్న ఆడపిల్లలకూ, వాళ్ళ అమ్మానాన్నలకూ ఈ రోజు కాలేజీ అమ్మాయిల బాస్కెట్‌బాల్ కథ చెబుతాను.

1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌లో జేమ్స్ నైస్మిత్ ఈ ఆటకు రూపమిచ్చారు. ఆ దగ్గర్లోనే ఉన్న స్మిత్ కళాశాలలో వ్యాయామం నేర్పే సెండా బెరెన్సన్ దాన్ని విద్యార్థినులకు నేర్పారు. 1893 మార్చి 22న అక్కడ తొలి మ్యాచ్ జరిగింది. మగవాళ్ళను చూడనివ్వలేదు. ఆడపిల్లలు అలసిపోతారని కోర్టును మూడు భాగాలు చేసి, ఎవరి గీత వారు దాటకూడదన్నారు. నియమాలు ఎన్నిసార్లు మారినా, ఐదుగురూ కోర్టంతా పరుగెత్తి ఆడే హక్కు కాలేజీ అమ్మాయిలకు స్థిరపడింది 1971లోనే.

జాతీయ పోటీ దానికి కొంచెం ముందే మొదలైంది. 1969లో వెస్ట్ చెస్టర్ కళాశాల కోచ్ కెరోల్ ఎక్‌మన్ 16 జట్లను పిలిచి టోర్నమెంటు నడిపించారు. 1972 మార్చిలో జరిగిన జాతీయ చాంపియన్‌షిప్‌కు ఇమ్మాక్యులేటా అనే చిన్న కళాశాల ఎనిమిది మంది అమ్మాయిలతో వెళ్ళింది. దారిఖర్చుల కోసం వాళ్ళు టూత్‌బ్రష్‌లు అమ్మారు. ఫైనల్లో వెస్ట్ చెస్టర్‌ను 52-48తో ఓడించారు. ఆ తర్వాతి రెండేళ్ళూ కప్పు వాళ్ళదే.

విద్యాసంస్థల్లో స్త్రీ పురుష వివక్షను నిషేధించిన 'టైటిల్ నైన్' చట్టం వచ్చింది 1972 జూన్‌లో. అంటే వాళ్ళు తొలి కప్పు గెలిచాకే. చట్టం వచ్చాక డబ్బు, స్కాలర్‌షిప్పులు క్రమంగా పెరిగాయి. 1982లో అమెరికా కాలేజీ క్రీడల సంఘం ఎన్‌సీఏఏ తొలిసారి మహిళల చాంపియన్‌షిప్ నిర్వహించింది. ఫైనల్లో లూసియానా టెక్ 76-62తో చెయినీ స్టేట్‌ను ఓడించింది.

మన దేశంలో ఈ బాట విశ్వవిద్యాలయాల మీదుగా సాగుతుంది. కళాశాల జట్టులో మెరిసిన అమ్మాయి విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికవుతుంది. ఆ జట్టు జోన్ పోటీల్లో రాణిస్తే, భారత విశ్వవిద్యాలయాల సంఘం నిర్వహించే అఖిల భారత పోటీలకు చేరుతుంది. 2020లో భువనేశ్వర్‌లో మొదలైన ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్‌లోనూ బాస్కెట్‌బాల్ ఉంది. శ్రీ విజయపురంలోని జవాహర్‌లాల్ నెహ్రూ రాజ్‌కీయ మహావిద్యాలయం ఏళ్ళ తరబడి పాండిచ్చేరి విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిచింది. అంటే అన్నాళ్ళూ దీవుల అమ్మాయి ఆట సముద్రం దాటే దారి ఆ విశ్వవిద్యాలయం మీదుగానే ఉండేది.

ఈ చరిత్ర నాకు చెప్పేది ఒక్కటే. అనుమతి దొరికాక ఆట మొదలుపెట్టలేదు ఆ అమెరికా అమ్మాయిలు. ముందు ఆడారు, పోటీ కట్టారు, చట్టం వాళ్ళ వెనకాల నడిచి వచ్చింది. కాబట్టి అమ్మల్లారా, నాన్నల్లారా, ఉపాధ్యాయుల్లారా, కోర్టు ఉన్న చోట వారంలో కొన్ని సాయంత్రాలు అమ్మాయిలకే వదలండి. లేని చోట రెండు స్తంభాలు పాతి, రెండు రింగులు బిగించండి. పక్క ఊరి జట్టును మ్యాచ్‌కు పిలవండి. మీ పిల్ల పరుగెడుతుంటే చూడటానికి రండి.