గిటారు తీగలు ఎత్తుగా ఉన్నాయా?

గిటారు తీగ నొక్కితే వేళ్లు మండుతున్నాయా? తీగలు మరీ ఎత్తుగా ఉన్నాయేమో. ఇంట్లోనే తగ్గించుకోవచ్చు.

ముందు మెడ చూడండి. తీగల లాగుడుకు వంగి ఉంటే, లోపలి రాడ్‌ను కొద్దిగా బిగించండి. అప్పటికీ ఎత్తే అంటారా? తీగలు విప్పి, బ్రిడ్జి మీది తెల్లటి శాడిల్ బయటికి లాగండి. ఉప్పుకాగితం బల్లమీద పరిచి, శాడిల్ అడుగునే రుద్దండి. గుర్తుంచుకోండి, అడుగునే! కొంచెం రుద్దడం, బిగించి వాయించడం, మళ్లీ కొంచెం రుద్దడం.

ఇంకో మాట. మన తిరుపతిలో కార్తీకం వానలకు చెక్క తేమ పీల్చి ఉబ్బుతుంది, తీగలు పైకి లేస్తాయి. అప్పుడే అరగదీశారా, ఎండాకాలంలో తీగలు మెట్లకు తగిలి గరగరమంటాయి. అరిగిన శాడిల్ మళ్లీ పెరగదు కదా! వానలు వెళ్లాకే మొదలుపెట్టండి.