పేరు తెలియని చోట ఏమి రాయాలి?

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ మధ్య మన ఇళ్లలో పిల్లలు షజరా, అంటే వంశవృక్షం, రాస్తున్నారు. చాలా సంతోషం. మగవారి పేర్లు నాలుగైదు తరాల దాకా దొరుకుతాయి. దాదీ గారి తల్లి దగ్గరికి వచ్చేసరికి కలం ఆగిపోతుంది. ఫలానా సాహెబ్ గారి భార్య అంటారేగాని ఆమె పేరు చెప్పేవారు ఉండరు.

1951-52లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలప్పుడు దేశంలో సుమారు 28 లక్షల మంది స్త్రీలను ఓటర్ల జాబితా నుండి తొలగించవలసి వచ్చింది. వారు తమ పేరు చెప్పక, ఫలానా వారి భార్యననో కూతురిననో రాయించుకున్నారు. పేరు లేనందువల్ల ఓటు పోయింది. మన షజరాలలోనూ అదే జరుగుతోంది.

ఖాళీ బాగుండదని కొందరు ఏదో ఒక పేరు ఊహించి రాసేస్తారు. దయచేసి అలా చేయకండి. తరువాతివారు దాన్నే నిజమని నమ్ముతారు. రేపు పాత నికాహ్‌నామాలో అసలు పేరు దొరికినా, ఈమె వేరే మనిషి అనుకుని వదిలేస్తారు. ఆమె గడిని తీసివేయడమూ సరికాదు. గడి ఉంచి "పేరు తెలియదు" అని రాయండి. దాని కింద ఎవరి భార్య, ఎవరి తల్లి, పుట్టిల్లు ఏ ఊరు, ఇంట్లో ఏమని పిలిచేవారు, ఏ ఖబరస్తాన్‌లో ఖననం చేశారు అన్నవి రాయండి. ఈ సంగతి ఎవరు, ఎప్పుడు చెప్పారో కూడా రాయండి.

ఇద్దరు భార్యలుంటే రెండు గడులు వేసి, ఎవరి పిల్లలను వారి కింద చూపండి. మన వారసత్వ నియమాలలో తల్లి ఒక్కరే అయిన తోబుట్టువుల వాటా వేరు, తండ్రి ఒక్కరే అయినవారి వాటా వేరు. పాలిచ్చి పెంచిన తల్లినీ నమోదు చేయండి. ఆ బంధంతో నికాహ్ నిషిద్ధమవుతుంది కదా.

హదీసు విద్వాంసులు మనకు దారి చూపారు. పేరు తెలియని చోట "ఒక వ్యక్తి", "ఒక స్త్రీ" అనే ఉంచారు. తరువాత ఖతీబ్ బగ్దాదీ (మరణం 1071) ఇతర ఉల్లేఖనాలతో పోల్చి అలాంటి పేర్లను వెదికి, ఒక గ్రంథమే రాశారు. ముందువారు ఊహించి నింపి ఉంటే ఆయన వెదకడానికి ఏమి మిగిలేది?

మీ సహాయంతో చదువుకునే పిల్లలలో తండ్రి పేరు తెలియనివారు ఉండవచ్చు. సూరా అహ్‌జాబ్ 5వ ఆయత్ ప్రకారం పెంచుకున్నవారిని కన్నతండ్రి పేరుతోనే పిలవాలి. తండ్రి తెలియకపోతే వారు ధర్మంలో మన సోదరులు. కనుక పెంచినవారిని తండ్రి గడిలో రాయకండి. "పెంచినవారు" అని వేరుగా, గౌరవంగా రాయండి. తండ్రి పేరు తెలియనంత మాత్రాన ఆ బిడ్డ గౌరవానికి లోటు రాదు.

ఇంటికి వెళ్లగానే పెద్దవారి దగ్గర కూర్చుని "మీ నానీ పేరేమిటి?" అని అడగండి. పాత దస్తావేజులు, బడి రిజిస్టర్లు, సమాధి రాళ్లు తరువాతైనా చూడవచ్చు. పెద్దల జ్ఞాపకం మనకోసం ఆగదు.

మన తల్లుల పేర్లు నిలుపుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక. ఆమీన్.