శాసనమొకటి, ఠాణాలు రెండు



సమాఖ్యపాలన యన్నది ఢిల్లీ పెద్దల వ్యవహారమని మనలో పలువురి తలంపు. దానిని కన్నులార చూడగోరువారు గౌతమి యొడ్డుననున్న యానామునకు పోయిన చాలును. చుట్టును ఆంధ్రరాష్ట్రము, నడుమ పుదుచ్చేరి ప్రభుత్వపు నేల. ఇరువైపుల భాష తెలుగే, బంధుత్వములును కలసినవే. ఠాణాలు మాత్రము వేరు.

పూర్వమచట పరాసువారి యేలుబడి యుండెను. 1930లో శారదా శాసనము బ్రిటిషు సీమలో అమలునకు రాగా, బాల్యవివాహములు చేయదలచినవారు పెండ్లి బృందములతో యానాము చేరిరి. ఆ యూరికి కల్యాణపురమను పేరు అందుచేతనే వచ్చెనందురు. ఇచట నేరమైనది హద్దు దాటగానే శుభకార్యమయ్యెను!

1954లో యానాము పరాసు పాలననుండి విడివడి భారతదేశమున చేరెను. 1962లో ఆ విలీనము శాసనసమ్మతమయ్యెను. నేడు ఇరువైపుల శిక్షాస్మృతి యొక్కటే. అమెరికాలో ప్రతి రాష్ట్రమునకు తన శిక్షాస్మృతి, తన న్యాయస్థానములు కలవు. కేంద్రమునకు వేరుగా కలవు. మన రాజ్యాంగము వేరు త్రోవ త్రొక్కినది. నేరశాసనము ఉమ్మడి జాబితాలోనిది. పోలీసు, చెరసాల రాష్ట్ర జాబితాలోనివి. న్యాయస్థానములన్నియు సుప్రీముకోర్టు క్రింద ఒకే నిచ్చెన మెట్లు. అయినను ద్రాక్షారామపు అప్పీలు అమరావతి హైకోర్టునకు పోగా, దాపుననే యున్న యానాము అప్పీలు చెన్నపట్టణమునకు పోవును. మద్యమును రాష్ట్రాధికారమే. 1995లో ఆంధ్రప్రదేశ్‌లో సంపూర్ణ నిషేధము విధింపబడినపుడు యానాములో అది లేదు. అచట బహిరంగముగా కొన్న సీసా ఇవతలికి రాగానే నేరమయ్యెను.

ఈ విభజనను మేము నిందింపము. పోలీసు అధికారమంతయు ఒక్కచోట పోగుపడుటకంటె ఇది మేలు. కాని పేదవాని గతియేమి? హద్దు ప్రక్కన దెబ్బలు తిన్న కూలివానిని ఒక ఠాణావారు "ఇది మా పరిధి కాదు" అని త్రిప్పిపంపినచో, వాడు ఏ ప్రభుత్వము గడప త్రొక్కవలెను? 2024 జూలై 1 నుండి అమలైన భారతీయ నాగరిక సురక్షా సంహిత యీ ప్రశ్నకు బదులు చెప్పినది: పోలీసులు స్వయముగా కేసు కట్టదగిన నేరము ఎచట జరిగినను, ఫిర్యాదును ఏ ఠాణాలోనైనను ఈయవచ్చును. ఈ హక్కు ఎందరు కూలీలకు తెలియును?

సోదరులారా! ఇరు ప్రభుత్వములును ఈ నియమమును తెలుగులో వ్రాయించి ప్రతి ఠాణా వాకిట కట్టింపవలెను. చెన్నపట్టణము పోలేని పేదకు న్యాయసహాయము యానాములోనే అందవలెను. అంతవరకు పఠనమందిరములలో కూర్చుండు మనమే దీనిని చదివి పదిమందికి వినిపింతము గాక!