సంఘపు సొమ్మునకు లెక్క



గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతముల క్రైస్తవ సంఘములలో పెద్దరికము వహించియున్న మీకు ఈ సాయంకాలము నేను మనవి చేయదలచినది వేదాంతము కాదు. చిట్టా, ఆవర్జాల విషయము. ప్రార్థనామందిరమునకు పన్ను లెక్కలతోడను, జీతపు పట్టీలతోడను ఏమి పని యని కొందరు తలంపవచ్చును. నేనును ఒకప్పుడట్లే తలంచితిని. ఆ తలంపు ఎట్లు మారినదో ముందుగా చెప్పెదను.

ఈ మూడు జిల్లాలలో నొక గ్రామమున ఒక సంఘకాపరి ముప్పదియొక సంవత్సరములు సేవచేసి చనిపోయెను. ఆదివారపు కానుకలనుండి కోశాధికారి నెలనెలా కొంత పైకమును ఆయన చేతిలో నుంచుచుండెను. రశీదు లేదు, పట్టీ లేదు, బ్యాంకులో జమ లేదు. ఆయన పోయిన పిదప భార్య వచ్చి, తన పెనిమిటి పేర కూడియున్న దేమైన నున్నదా యని యడిగెను. కోశాధికారి యంతకు రెండేండ్ల ముందే గతించెను. పెట్టె తెరచి చూడగా నందు మాసిన కాగితములు నాలుగు దొరకెను. ఆ దినమున ఆమె యెదుట తలవంచుకొని కూర్చున్న పెద్దలలో నేనును ఒకడను. మేము దొంగిలినవారము కాము. కాని మేము వ్రాయనందువలన నామెకు మిగిలినది శూన్యము. చందాలు వేసి కొంత యిచ్చితిమి. అది దయ, ఆమెకు రావలసినది హక్కు.

మన సంఘములకు లెక్కలు వ్రాయు అలవాటు మొదటినుండి లేకపోలేదు. 1899లో ఎన్. ఎన్. హీబర్టు గారు అమెరికానుండి నిజాము రాజ్యమునకు వచ్చినది మొదలు మెన్నోనైట్ బ్రదరెన్ మిషనువారు పాలమూరు సీమలో క్రమముగా వ్యాపించిరి. నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల వారి ముఖ్యస్థానములలో చేరినవి. ఆ కాలమున జీతమిచ్చు చేయియు, లెక్క వ్రాయు చేయియు దొరగారి బంగళాలోనే యుండెను. తరువాత బాధ్యత మనవారి చేతికి వచ్చినది. అధికారము వచ్చినప్పుడు దానివెంట ఆవర్జాయు రావలెను గదా! అనేక గ్రామములలో అధికారము వచ్చినది గాని ఆవర్జా రాలేదు.

ఇది మనకొక్కరికే వచ్చిన కట్టుబాటు కాదు. అలంపురపు జోగులాంబ ఆలయమువంటి దేవస్థానములు 1987 నాటి దేవాదాయ చట్టమునకు లోబడి లెక్కలు చూపవలసియున్నవి. వక్ఫు ఆస్తుల ముతవల్లీలు వక్ఫు బోర్డునకు లెక్కలు సమర్పింపవలెను. దేవుని పేర పుచ్చుకొన్న సొమ్మును మనుష్యుల యెదుట లెక్కచెప్పుట అన్ని మతములవారికిని సమానమే.

ఇక మొదటి ప్రశ్న: మీ మందిరము ఎవరి పేర నున్నది? అది పెద్ద సంస్థలో నొక భాగమైనచో, మీ జమాఖర్చు ఆ సంస్థ లెక్కలో చేరవలెను. ప్రత్యేకముగా రిజిష్టరైన సొసైటీయో ట్రస్టో అయినచో భారమంతయు మీదే. ఆదాయపు పన్ను మినహాయింపు దానంతటదే రాదు. పన్ను శాఖవద్ద నమోదు కావలెను. ఈ నమోదు పూర్వము శాశ్వతముగా నుండెడిది. 2021నుండి దానికి కాలపరిమితి యేర్పడినది. సాధారణముగా అయిదు సంవత్సరములు. అయిదు కోట్లకు మించని చిన్నసంస్థలకు పది సంవత్సరములవరకు ఇచ్చుటకు 2025లో వీలు కల్పించిరి. పాతకాగితము గోడకు వ్రేలాడుచున్నది గదా యని యూరకుండరాదు. దాని గడువును చదువుకొనవలెను. 1961 నాటి చట్టమునకు బదులుగా 2025 నాటి నూతన చట్టమునకు 2026 ఏప్రిల్ 1 ప్రారంభదినముగా నిర్ణయించిరి గనుక, క్రొత్త పత్రముల విషయమై ఆడిటరును విచారించుట మంచిది.

రెండవది: వచ్చిన ఆదాయములో నూటికి 85 వంతులు సంస్థ యుద్దేశములకే వెచ్చింపవలెను, 15 వంతులు నిలువ యుంచుకొనవచ్చును. కేవలము మతసంబంధమైన సంస్థకు పేరు తెలియని వారి కానుకలపై ప్రత్యేకపు పన్ను లేదు. కానుకసంచిలో పడిన సొమ్మునకు దాత పేరు లేకపోవచ్చును. కాని అది యెంతయో, ఏ దినమున వచ్చినదో, ఎవరు లెక్కించిరో వ్రాయకుండుటకు వీలులేదు. ఒకే దినమున ఒకరికి పదివేల రూపాయలకు మించి నగదుగా చెల్లించినచో ఆ ఖర్చును పన్నువారు సాధారణముగా లెక్కలోనికి తీసికొనరు. కావున పెద్దచెల్లింపులు బ్యాంకుద్వారానే జరుగవలెను. విదేశపు విరాళమునకు వేరు చట్టమున్నది. అనుమతి లేనిదే దానిని ముట్టరాదు.

మూడవది జీతములు. సంఘకాపరి, ఉపాధ్యాయుడు, నర్సు, కావలివాడు వీరందరి పేరులును జీతపు పట్టీలో నుండవలెను. 2025–26 నుండి నూతన విధానమున ఏటికి 12 లక్షల 75 వేల వరకు జీతగానికి పన్ను లేదు. కాబట్టి మన కాపరులలో పన్ను తగులువారు మిక్కిలి యరుదు. అంతమాత్రమున పట్టీ యక్కరలేదని తలంపరాదు. తెలంగాణలో నెలజీతము 15 వేలు దాటినచో వృత్తిపన్ను పట్టుకొని చెల్లింపవలెను. 20 వేల వరకు 150 రూపాయలు, ఆపైన 200. జీతమునుండి పట్టిన ఆదాయపు పన్నును మరుసటి నెల 7వ తేదీలోగా సర్కారునకు కట్టవలెను. పట్టి కట్టకుండుట పరుల సొమ్మును దాచుకొనుటతో సమానము.

సన్న్యసించిన వారి సంగతి యేమని యడుగుదురేమో. క్రైస్తవ పాఠశాలలలో సర్కారు జీతము పొందు ఫాదరులు, సిస్టరులు ఆ సొమ్మును తమ మఠమునకే యిత్తురు గనుక పన్ను పట్టరాదని వాదము జరిగెను. 2024 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ వాదమును త్రోసిపుచ్చెను. జీతము వ్యక్తి పేర వచ్చును. తరువాత నతడు దానిని ఎవరికిచ్చినను పన్ను పట్టుట తప్పదు.

ఇరువదిమంది పనిచేయు పాఠశాలలకు, ఆసుపత్రులకు భవిష్యనిధి చట్టము వర్తించును. అంతకు తక్కువమంది యున్నను, ఉభయుల సమ్మతితో స్వచ్ఛందముగా చేరవచ్చును. పదిమంది యున్నచోట అయిదేండ్లు సేవచేసినవారికి గ్రాట్యుటీ ముట్టవలెను. ఉపాధ్యాయులకును అది చెల్లునని 2022లో సుప్రీంకోర్టు నిర్ణయించెను. ఒక్క కాపరి మాత్రమే యున్న చిన్నసంఘమువారు ఆయన వయస్సు 18కిని 40కిని నడుమ నున్నచో, ఆదాయపు పన్ను చెల్లించువాడు కానియెడల, అటల్ పింఛను పథకమున చేర్పింపవచ్చును. అరువదియవ యేట నెలకు వేయి మొదలు అయిదువేలవరకు పింఛను వచ్చును.

పౌలు అపొస్తలుడు యెరూషలేము బీదలకై చందా పోగుచేసినప్పుడు, తనపై నెవరును నిందమోపకుండునట్లు సొమ్మువెంట ఇతర సోదరులను గూడ పంపెనని మీరెరుగుదురు. అపొస్తలునకే సాక్షులు కావలసివచ్చినప్పుడు మనమెంతటివారము?

కావున రాబోవు ఆదివారము ఆరాధన ముగిసిన పిమ్మట మూడు పనులు చేయుడు. కానుకను ఇద్దరు కలిసి లెక్కించి సంతకములు చేయుడు. కాపరి జీతమును ఆయన బ్యాంకు ఖాతాలో వేయుడు. ఏటికొకసారి జమాఖర్చును సంఘమంతటి యెదుట చదివి వినిపింపుడు. మా యూర ఇప్పుడు ఆ మూడును జరుగుచున్నవి. ఆ విధవరాలు ఇప్పటికిని అదే మందిరములో ముందు చాపమీద కూర్చుండును. లెక్క చదువునప్పుడు ఆమె తలయెత్తి వినును. నేను మాత్రము ఆమెవైపు చూడలేను. అట్టి కష్టము మీకు రాకూడదనియే ఈ మాటలు మనవి చేసికొంటిని.