ఇన్సులిన్‌తో కాలేజీ ప్రయాణం

కౌన్సెలింగ్ రోజులొచ్చాయి. టైప్ 1 మధుమేహం ఉన్న పిల్లల్ని వెంటబెట్టుకుని కాలేజీలు చూడబోయే తల్లిదండ్రులకు ఈ నాలుగు మాటలు.

ఇన్సులిన్‌ను ఎండలో నిలిపిన కారులో వదలకండి, పాడవుతుంది. అలాగని ఐసుగడ్డకూ ఆనించకండి, గడ్డకట్టిన మందు పారెయ్యాల్సిందే. తెరవని సీసాలకు 2 నుంచి 8 డిగ్రీల చల్లదనం కావాలి. బస్సులోనైతే ఇన్సులిన్ సంచి పై అరలో కాదు, మీ ఒళ్లోనే ఉండాలి.

క్యాంపస్ అంటే ఎకరాలకొద్దీ నడక. చక్కెర పడిపోవచ్చు. చెమటలు, వణుకు, ఊరికే విసుక్కోవడం కనిపిస్తే వెంటనే పరీక్షించండి. 70 కంటే తగ్గితే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. చాక్లెట్ అయితే అందులోని కొవ్వు వల్ల ఆలస్యంగా పనిచేస్తుంది.

లైబ్రరీ, ల్యాబులు కాలేజీవాళ్లే గొప్పగా చూపిస్తారు. అసలు చూడాల్సింది హాస్టల్. ఫ్రిజ్ ఉందా? రాత్రి భోజనం ఎన్నింటికి? పరీక్ష హాల్లోకి గ్లూకోమీటర్ రానిస్తారా? ఈ ప్రశ్నలు పిల్లలచేతే అడిగించండి, రేపు అక్కడ ఉండేది వాళ్లే కదా. వార్డెన్‌గారు ‘అన్నీ ఉన్నాయండీ’ అంటే, ఫ్రిజ్ ఎక్కడుందో ఓసారి చూపించమనండి.