మధ్యాహ్నం పెరిగే షుగర్

స్టెరాయిడ్ రాసిన ప్రతి కేస్‌షీట్ మీదా మా గురువుగారు ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న వేసేవారు: ‘సాయంత్రం షుగర్ చూశారా?’ ఆయన స్మారకసభలో ఆ ప్రశ్న వెనకున్న చరిత్రే చెబుతాను.

1948 సెప్టెంబరులో అమెరికాలోని మేయో క్లినిక్‌లో, కీళ్లవాతంతో కదల్లేని ఒక యువతికి ఫిలిప్ హెంచ్ బృందం ‘కాంపౌండ్ ఈ’ ఇంజెక్షన్లు మొదలుపెట్టింది. కొద్ది రోజుల్లోనే ఆమె లేచి తిరిగింది. ఆ కాంపౌండ్ ఈ అనే స్టెరాయిడే కార్టిజోన్. 1950లో హెంచ్, కెండాల్, రైక్‌స్టైన్‌లకు నోబెల్ వచ్చింది. మన తెలుగు శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావుగారు ఆ ఇంజెక్షన్‌కు కొద్ది వారాల ముందే, ఆగస్టులో కన్నుమూశారు. ఆయన పరిశోధనలు నడిపించిన లెడర్లీ సంస్థే తర్వాతి దశాబ్దంలో ట్రయామ్సినలోన్ అనే స్టెరాయిడ్‌ను తెచ్చింది. ఆయన ఉండి ఉంటే అని నాకు తరచూ అనిపిస్తుంది.

అయితే షుగర్ సంగతి ఈ వైద్యం కన్నా ముందే తెలుసు. క్లోమం తీసేసిన పిల్లులకు, కార్టిజోన్ లాంటి హార్మోన్లు తయారుచేసే అడ్రినల్ గ్రంథులు కూడా తీసేస్తే మధుమేహం తగ్గుతుందని 1936లో లాంగ్, లూకెన్స్ చూపించారు. 1941లో డ్వైట్ ఇంగిల్ ఆరోగ్యంగా ఉన్న ఎలుకలకు ఈ కాంపౌండ్ ఈ ఇచ్చి చూస్తే, మూత్రంలో చక్కెర పడింది. మొదటి రోగికి సూది వేయడానికి ఏడేళ్ల ముందు మాట ఇది. 1954లో ఫాజన్స్, కాన్ కార్టిజోన్ ఇచ్చి, గ్లూకోజ్ తాగించి, ఎవరిలో మధుమేహం దాగి ఉందో పట్టే పరీక్షే తయారుచేశారు. ఇంట్లో షుగర్ ఉన్నవాళ్లు స్టెరాయిడ్ దగ్గర మరింత జాగ్రత్తపడాలనడానికి ఆధారం అప్పటినుంచే ఉంది. పొట్ట ఉన్నవాళ్లు, గర్భంతో ఉన్నప్పుడు షుగర్ వచ్చి పోయినవాళ్లు కూడా అంతే జాగ్రత్తపడాలి.

ఇంత తెలిసీ మనం ఎక్కడ తప్పిపోతున్నాం? పరీక్ష చేసే వేళలో. పొద్దున టిఫిన్ తిని ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వేసుకుంటే కాలేయం గ్లూకోజ్ ఎక్కువగా వదులుతుంది, కండరాలు ఇన్సులిన్ మాట వినవు, క్లోమం కూడా వెనకబడుతుంది. షుగర్ మధ్యాహ్నం భోజనం తర్వాత ఎక్కి, రాత్రికి దిగుతుంది. తెల్లవారి పరగడుపున చూస్తే 95 ఉండొచ్చు, ముందురోజు మధ్యాహ్నం 300 దాటి ఉన్నా సరే. ఆ రిపోర్టు చూసి రోగీ సంతోషిస్తాడు, డాక్టరూ సంతోషిస్తాడు. డెక్సామెథసోన్ అలా కాదు, ఒకటిన్నర రోజు పనిచేస్తుంది కాబట్టి పరగడుపు షుగరూ పెరుగుతుంది.

2020 జూన్‌లో బ్రిటన్‌లోని రికవరీ ట్రయల్, ఆక్సిజన్ అవసరమైన కోవిడ్ రోగులకు రోజుకు 6 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్ ప్రాణం నిలుపుతుందని తేల్చింది. మరుసటేడు మన దగ్గర సెకండ్ వేవ్‌లో ఆక్సిజన్ అక్కర్లేనివాళ్లు కూడా చాలామంది జ్వరం వచ్చిన రోజునుంచే ఇంట్లో ఆ మాత్రలు మింగారు. కోవిడ్, షుగర్, స్టెరాయిడ్ మూడూ కలిసిన చోట బ్లాక్ ఫంగస్ దూరింది. హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి ఆ రోగులతో నిండిపోయింది. కళ్లు పోగొట్టుకున్నవారిని తలుచుకుంటే ఇప్పటికీ బాధగా ఉంటుంది. వేలికొస రక్తపుబొట్టుతో షుగర్ సకాలంలో చూసి ఉంటే కొందరైనా తప్పించుకునేవారు.

కాబట్టి మొదటి మాత్రకు ముందే షుగర్, మూడు నెలల సగటు చూడండి. మోతాదు, రోజులు రోగానికి సరిపోయేంతే రాయండి. మధ్యాహ్నం తిన్న రెండు గంటలకు గానీ, రాత్రి భోజనానికి ముందు గానీ గ్లూకోమీటర్‌తో చూడమనండి. ఆ పూట అన్నం తగ్గించి కూర, పప్పు పెంచమనండి. 180 దాటుతూ ఉంటే మందు మొదలుపెట్టడమో మార్చడమో ఆలోచించాలి. ఇన్సులిన్ కావాలంటే పొద్దున ఇచ్చే ఎన్‌పీహెచ్ ఈ పగటి పెరుగుదలకు సరిగ్గా సరిపోతుంది. ఊళ్లో నొప్పులకు పొట్లం కట్టి ఇచ్చే మాత్రలేవో అడగండి, చాలాసార్లు వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. కీలులో వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కూడా కొన్నాళ్లు షుగర్ పెంచుతుంది.

షుగర్ పెరిగిందని భయపడి ఎవరూ స్టెరాయిడ్‌ను ఒక్కసారిగా ఆపకూడదు. వారాల తరబడి వాడాక అడ్రినల్ నిద్రపోతుంది, హఠాత్తుగా ఆపితే ప్రాణానికే ముప్పు. మెల్లగా తగ్గించాలి. తగ్గించిన ప్రతిసారీ ఇన్సులిన్ కూడా తగ్గించాలని అదే చీటీలో రాయండి. లేకపోతే పాత మోతాదు వేసుకున్న మనిషి రాత్రి షుగర్ పడిపోయి, చెమటలు పట్టి, స్పృహ తప్పి క్యాజువాలిటీకి వస్తాడు.